మించడం, మరుగుపరచడం, గ్రహణం పట్టడం: 1868 గుంటూరు గ్రహణం ఆధారంగా ఒక పదవిచారణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- 'ఔట్‌షైన్' అనే ఆంగ్ల క్రియకు గల అర్థాలను, దాని పర్యాయపదాల మధ్య ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
- చరిత్ర రచనలో ఈ క్రియలలో ఏది ఎంచుకుంటే ఏ కారణాన్ని చెప్పినట్లవుతుందో గుర్తించగలుగుతారు.
- 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనలలో ఎవరి పాత్ర ఏమిటో వేరుచేసి చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర పుస్తకాలలో మీకు తరచు ఒక వాక్యం ఎదురవుతుంది: "ఫలానావారి కీర్తి ముందు ఫలానావారు మరుగున పడిపోయారు." చదవగానే అర్థమైనట్లు అనిపించే వాక్యం ఇది. కాని కాస్త ఆగి ఆలోచించండి. మరుగున పడిన వ్యక్తి ప్రతిభలో తక్కువవాడా? అతడి పనిని ఎవరైనా కప్పివేశారా? లేక ఆ పని జరిగిన చోటు, అది అచ్చయిన చోటు అందరి కంటికి దూరమా? ఈ మూడు కారణాలూ వేరువేరు. వాటిలో ఏది నిజమో చెప్పడం చరిత్రకారుడి బాధ్యత. "మరుగున పడ్డారు" అన్న మాట ఆ బాధ్యతను తప్పించుకోవడానికి వీలు కల్పిస్తుంది.

ఆంగ్లంలో ఈ భావాన్ని చెప్పే క్రియలు చాలా ఉన్నాయి. పర్యాయపద నిఘంటువులలో ఒకదాని కింద ఒకటిగా కనిపించే ఈ మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునని విద్యార్థులు అనుకుంటారు. అది సరికాదని ఈ పాఠంలో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం. ఈ క్రియలలో చాలా వాటికి మూలం వెలుగు, నీడ. అందువల్ల ఉదాహరణను కూడా ఆకాశం నుంచే తీసుకుంటున్నాం. మన గుంటూరు, మచిలీపట్నం, వనపర్తి, కాకినాడ పట్టణాలతో సంబంధం ఉన్న ఆ సంఘటన 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం.

2. 'ఔట్‌షైన్', దాని పర్యాయపదాలు

2.1 రెండు అర్థాలు

'షైన్' అంటే ప్రకాశించడం. ఆంగ్లంలో కొన్ని క్రియలకు ముందు 'ఔట్' చేర్చితే పోలిక వస్తుంది. 'ఔట్‌రన్' అంటే ఎదుటివాడికన్నా వేగంగా పరుగెత్తడం. 'ఔట్‌లివ్' అంటే ఎదుటివాడికన్నా ఎక్కువ కాలం బతకడం. అలాగే 'ఔట్‌షైన్' అంటే ఎదుటివాడికన్నా ఎక్కువగా ప్రకాశించడం. ఇది వాచ్యార్థం. ప్రతిభలోను, పేరులోను, పనితనంలోను మరొకరిని మించిపోవడం లక్ష్యార్థం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 'ఔట్‌రన్' అనాలంటే ఇద్దరూ పరుగెత్తుతూ ఉండాలి. 'ఔట్‌షైన్' అనాలంటే ఇద్దరూ ప్రకాశిస్తూ ఉండాలి. ఓడినవాడికీ వెలుగు ఉన్నదనీ, గెలిచినవాడికి అది ఇంకా ఎక్కువగా ఉన్నదనీ ఈ క్రియ ఒప్పుకుంటుంది. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవవచ్చునని కూడా అది అనుకుంటుంది.

2.2 పర్యాయపదాలు, భేదాలు

'సర్‌పాస్', 'ఎక్సీడ్' అన్నవి దాటిపోవడాన్ని చెబుతాయి. మన 'మించు', 'అధిగమించు' వీటికి దగ్గర. ఒక గీత ఉంది, దానిని దాటారు, అంతే. దాటబడినవాడు కనిపించకుండా పోయాడని ఈ మాటలు చెప్పవు. 'ఎక్సెల్' అంటే రాణించడం. పక్కన మరొకరు లేకపోయినా ఈ మాట నిలబడుతుంది.

'ఓవర్‌షాడో' అంటే నీడ కప్పడం. నీడ కప్పడానికి వెలుగు అక్కరలేదు, ఎత్తు చాలు. పెద్ద చెట్టు కింద మొక్క ఎదగకపోతే, చెట్టు మొక్కకన్నా ఎక్కువగా ప్రకాశించిందని ఎవరూ అనరు. అధికారం, పదవి, సంస్థ బలం కారణంగా ఒకరి పని కనబడకుండా పోయినప్పుడు ఈ మాట సరిపోతుంది.

'అప్‌స్టేజ్' రంగస్థలం నుంచి వచ్చింది. ఒక నటుడు వేదిక వెనక భాగానికి జరిగితే, అతడితో మాట్లాడవలసిన నటుడు ప్రేక్షకులకు వీపు చూపవలసి వస్తుంది. చూపరుల దృష్టిని తనవైపు లాక్కోవడం ఈ మాటలోని సారం.

'ఎక్లిప్స్' గ్రీకు నుంచి వచ్చింది. దాని మూలార్థం విడిచిపోవడం, రావలసిన చోటికి రాకపోవడం. వెలుగు మనలను విడిచి వెళ్ళిందని గ్రీకులు అనుకున్నారు. మన 'గ్రహణం' అనే మాటకు పట్టుకోవడం అని అర్థం. రాహువు పట్టాడంటాం, విడిచాడంటాం. ఒకే దృశ్యాన్ని ఒక భాష విడిచిపోవడంగా చూసింది, మరొక భాష పట్టుకోవడంగా చూసింది. రెండింటిలోనూ ఎవరూ ఎవరికన్నా ఎక్కువగా ప్రకాశించడం లేదు. సూర్యుడిని కప్పే చంద్రుడికి సొంత వెలుగు లేనేలేదు. అతడు మనకూ సూర్యుడికీ మధ్య నిలబడ్డాడు, అంతే. అయినా ఆంగ్ల వాడుకలో 'ఎక్లిప్స్' లక్ష్యార్థం మారి 'ఔట్‌షైన్'కు సమానార్థకమైపోయింది.

2.3 తెలుగులో కర్త ఎవరు?

తెలుగులో కూడా 'మించు', 'తలదన్ను' వంటి క్రియలున్నాయి. కాని మన వాడుకలో ఎక్కువ బలమైన మాటలు ఓడినవాడి వైపు నుంచి పుట్టాయి: వెలవెలబోయాడు, చిన్నబోయాడు, తీసికట్టయ్యాడు, దిగదుడుపయ్యాడు, మరుగున పడ్డాడు. ఆంగ్ల వాక్యంలో గెలిచినవాడు కర్త, తెలుగు వాక్యంలో ఓడినవాడు కర్త. అందువల్ల "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న తెలుగు వాక్యంలో సులభంగా జారిపోతుంది. మరుగున పడడం వాన పడడం వంటి సహజ సంఘటనగా కనిపిస్తుంది. తెలుగు మాధ్యమంలో చరిత్ర రాసే మీరు ఈ జారుడును ప్రత్యేకంగా గమనించాలి.

*మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1*
(అ) 'ఔట్‌షైన్', 'ఓవర్‌షాడో' మాటల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
(ఆ) 'ఎక్లిప్స్', 'గ్రహణం' అన్న మాటల మూలార్థాలు ఏవి?

3. వెలుగుకు కొలత ఇచ్చిన మనిషి

ఒక నక్షత్రం మరొక నక్షత్రాన్ని ఎంత మేరకు మించి ప్రకాశిస్తుందో అంకెలలో చెప్పవచ్చు. నక్షత్రాలను ఒకటవ తరగతి, రెండవ తరగతి అని విభజించడం పురాతన గ్రీకుల కాలం నుంచీ ఉంది. కాని తరగతికీ తరగతికీ మధ్య కచ్చితమైన నిష్పత్తి ఉండేది కాదు. 1856లో నార్మన్ పోగ్సన్ అనే ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి సూచించాడు. అయిదు తరగతుల తేడా ఉంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు తేడా ఉన్నట్లు లెక్క కట్టాలన్నాడు. అప్పుడు ఒక్క తరగతి తేడా సుమారు 2.512 రెట్లకు సమానమవుతుంది. ఈ కొలతనే ఖగోళ శాస్త్రజ్ఞులు నేటికీ వాడుతున్నారు.

పోగ్సన్ 1861లో మద్రాసు నక్షత్రశాల బాధ్యతలు స్వీకరించాడు. ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాకంలో నెలకొల్పిన సంస్థ అది. వచ్చిన ఏడాదే ఒక లఘుగ్రహాన్ని కనుగొని దానికి 'ఆసియా' అని పేరు పెట్టాడు. 1891లో మరణించేవరకు మద్రాసులోనే పనిచేశాడు. వెలుగు తేడాను కొలిచే పద్ధతిని లోకానికి ఇచ్చిన ఈ మనిషి 1868 గ్రహణ చరిత్రలో దాదాపు కనిపించడు. అది ఎలా జరిగిందో చూద్దాం.

4. 1868 ఆగస్టు 18

4.1 నేపథ్యం

సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలల వంటి ఆకారాలు కనిపిస్తాయి. వీటిని సౌరజ్వాలలు అందాం. ఇవి సూర్యుడికి చెందినవేనని 1860 నాటి గ్రహణ ఛాయాచిత్రాలతో నిశ్చయమైంది. అవి దేనితో ఏర్పడ్డాయో మాత్రం తెలియలేదు. అదే కాలంలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రజ్ఞులు వర్ణపట పరిశీలనను శాస్త్రంగా రూపొందించారు. కాంతిని సన్నని చీలిక గుండా పంపి, పట్టకంతో విడదీస్తే రంగుల పట్టీ వస్తుంది. ప్రతి మూలకమూ ఆ పట్టీలో తనకే ప్రత్యేకమైన గీతలు చూపుతుంది. కాబట్టి తరవాతి గ్రహణంలో వర్ణపటదర్శినిని సౌరజ్వాలల వైపు తిప్పితే వాటి రహస్యం తెలుస్తుందని అందరూ ఎదురుచూశారు.

ఆ అవకాశం 1868లో వచ్చింది. ఏడెన్ నుంచి దక్షిణ భారతం మీదుగా సయాం వరకు సాగిన ఈ గ్రహణంలో సంపూర్ణ దశ అసాధారణంగా దీర్ఘమైనది. గరిష్ఠంగా ఆరున్నర నిమిషాలకు మించింది. సయాం రాజు మోంగ్‌కుట్ స్వయంగా లెక్క కట్టి, చూడడానికి తీరప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ మలేరియా సోకి అక్టోబర్‌లో మరణించాడు.

4.2 ఎవరెవరు, ఎక్కడెక్కడ

మన దేశంలో సంపూర్ణ గ్రహణ మార్గంలో పలు బృందాలు నిలిచాయి.

గుంటూరులో రెండు బృందాలు ఉన్నాయి. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియేర్ జాన్సెన్ ఒకరు. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు మేజర్ టెనెంట్ రెండవవారు. నేటి కర్ణాటకలోని జమఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ పరిశీలించాడు. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్‌కు ఇతడు మనుమడు. మద్రాసు నక్షత్రశాల రెండు బృందాలను పంపింది. పోగ్సన్ మచిలీపట్నంలోను, అతడి సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలోను నిలిచారు. సయాం ప్రాంతంలో మరో ఫ్రెంచి బృందంతో రయే ఉన్నాడు.

మబ్బులు లేనిచోట్ల పరిశీలకులకు దాదాపు ఒకే దృశ్యం కనిపించింది. సౌరజ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలున్నాయి. మెరిసే గీతలంటే వేడికి ప్రకాశించే వాయువు. ఎరుపులోను, నీలి ఆకుపచ్చలోను కనిపించిన గీతలు హైడ్రోజన్‌వి. పసుపు భాగంలో కూడా ఒక గీత కనిపించింది. సూర్యకాంతిలో పసుపు భాగాన ఉండే నల్లని సోడియం గీతలకు అప్పటికే 'డి' అని పేరు. కాబట్టి ఎక్కువమంది ఆ పసుపు గీతను సోడియం గీతగానే భావించారు. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం అది 'డి' వద్దనో, దాని దగ్గరనో ఉన్నదని జాగ్రత్తగా నమోదు చేశాడు.

4.3 మరునాటి గుంటూరు

జాన్సెన్ ప్రత్యేకత గ్రహణ సమయంలో చూసినదానిలో లేదు. గ్రహణం విడిచాక అతడు ఆలోచించినదానిలో ఉంది. సౌరజ్వాలల గీతలు ఎంతో ప్రకాశవంతంగా కనిపించడంతో గ్రహణం లేకుండానే వీటిని చూడగలమని అతడికి తోచింది. మరునాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే మామూలు పగటి వెలుగులో వాటిని చూశాడు. తరవాత కూడా పరిశీలన కొనసాగించాడు.

దీని వెనక సూత్రం సులభమైనదే. ప్రతిరోజూ సౌరజ్వాలలు ఉంటాయి. వాటిని ఎవరూ కప్పడం లేదు. సూర్యబింబపు వెలుగు మన వాతావరణంలో చెదిరి ఆకాశమంతా నింపుతుంది. ఆ కాంతి ముందు జ్వాలలు వెలవెలబోతాయి. పట్టకం ఆ చెదిరిన వెలుగును రంగుల పట్టీగా పరచినప్పుడు అది పలచబడుతుంది. జ్వాలల వెలుగు మాత్రం కొన్ని గీతలలోనే కేంద్రీకృతమై ఉంటుంది కాబట్టి పలచబడదు. పరచిన వెలుగు మీద ఆ గీతలు స్పష్టంగా నిలుస్తాయి.

ఇప్పుడు మన పదచర్చకు తిరిగి వద్దాం. జ్వాలలను రోజూ దాచిపెట్టేది 'ఔట్‌షైన్', అంటే ఎక్కువ వెలుగు. వాటిని బయటపెట్టేది 'ఎక్లిప్స్', అంటే ఆ వెలుగుకు అడ్డు. నిఘంటువు పర్యాయపదాలుగా చూపిన రెండు మాటలు ఆకాశంలో ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేస్తున్నాయి.

4.4 పారిస్‌లో ఒకే రోజు

ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండా జ్వాలలను చూడవచ్చునని రెండేళ్ళ ముందు నుంచే ఆలోచిస్తున్నాడు. తగిన పరికరం 1868 అక్టోబర్‌లోగాని చేతికందలేదు. అక్టోబర్ 20న అతడు ప్రయత్నించి కృతకృత్యుడయ్యాడు. జాన్సెన్ రాసిన లేఖ సెప్టెంబర్ 19 తేదీతో కాకినాడ నుంచి బయలుదేరింది. సూయజ్ కాలువ ఇంకా తెరవని రోజులవి. జాన్సెన్ లేఖ, లాకియర్ సమాచారం అక్టోబర్ 26న పారిస్‌లోని విజ్ఞానశాస్త్ర అకాడమీ ముందుకు ఒకే సమావేశంలో వచ్చాయి.

రెండు నెలల ముందు చూసిన జాన్సెన్‌దా గౌరవం? ముందే ఆలోచించిన లాకియర్‌దా? అకాడమీ ఇద్దరినీ సమానంగా గుర్తించింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖచిత్రాలతో ఒకే పతకం ముద్రించింది. ఒకరు మరొకరిని మరుగుపరచకుండా చూడవచ్చునని, అది నిర్ణయించేవారి చేతిలో ఉంటుందని ఈ పతకం చూపుతోంది.

కాని అదే అకాడమీ పత్రికలో జాన్సెన్ లేఖకు పెట్టిన శీర్షికలో పరిశీలన జరిగిన చోటుగా కాకినాడ పేరు కనిపిస్తుంది. ఉత్తరం బయలుదేరిన ఊరు, పని జరిగిన ఊరిని కప్పివేసింది. ఆ శీర్షిక ఒక్కటే చదివినవారికి గుంటూరు తెలియదు. గుంటూరుకన్నా కాకినాడ ఏ విషయంలోనూ ఎక్కువగా ప్రకాశించలేదు. మధ్యలో వచ్చి నిలబడింది, అంతే. సరిగ్గా గ్రహణం పట్టడం అంటే ఇదే.

*మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2*
(అ) గ్రహణం లేనప్పుడు సౌరజ్వాలలు ఎందుకు కనబడవు?
(ఆ) జాన్సెన్ పద్ధతిలో పట్టకం చేసే పని ఏమిటి?

5. హీలియం ఎవరిది?

"హీలియం వాయువును గుంటూరులో జాన్సెన్ కనుగొన్నాడు" అన్న మాట మీరు విని ఉంటారు. మన ఊరి పేరు ఉన్నందువల్ల ఆ వాక్యం మనకు ఇష్టంగా ఉంటుంది. ఇష్టమైన వాక్యాన్నే ముందుగా పరీక్షించాలి.

జాన్సెన్ లేఖలో కొత్త మూలకం ప్రస్తావన లేదు. అతడి విజయం ఒక పద్ధతి. లాకియర్ అక్టోబర్‌లో చూసినప్పుడు పసుపు గీత సోడియం గీతలతో కలవడం లేదని గుర్తించాడు. సోడియం గీతలు డి1, డి2 కాబట్టి దీనికి డి3 అని పేరు వచ్చింది. రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి అది హైడ్రోజన్ గీతేమోనని పరీక్షించాడు. ప్రయోగశాలలో అలాంటి గీత రాలేదు. భూమిపై ఎరగని మూలకమేదో సూర్యుడిలో ఉన్నదన్న ఊహకు, గ్రీకులో సూర్యుడికి ఉన్న పేరును బట్టి 'హీలియం' అనే పేరు పుట్టింది. 1871లో విలియం థామ్సన్ బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో ఈ పేరును ప్రస్తావించాడు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీతను చూసిన తరవాతే హీలియం అందరూ ఒప్పుకున్న మూలకమైంది.

అంటే 'కనుగొనడం' అన్న ఒక్క మాట కింద కనీసం అయిదు పనులున్నాయి. గీతను చూడడం ఒకటి. అది సోడియంది కాకపోవచ్చునని సందేహించడం రెండవది. గ్రహణం లేకుండా చూసే పద్ధతి ఏర్పరచడం మూడవది. కొత్త మూలకమని ఊహించి పేరు పెట్టడం నాలుగవది. భూమిపై వాయువును పట్టుకొని రుజువు చేయడం అయిదవది. మొదటి పనిని పలువురు చేశారు. మిగిలినవాటిలో పోగ్సన్‌కు, జాన్సెన్‌కు, లాకియర్‌కు, రామ్సేకు వేరువేరు స్థానాలున్నాయి. అయిదింటినీ కలిపి ఒక్కరికి కట్టబెట్టినప్పుడు మిగిలినవారు 'మరుగున పడతారు'. ఇక్కడ మరుగుపరచినది జాన్సెన్ కాదు. అంత పెద్ద పేరు అతడు కోరలేదు. మరుగుపరచినది మన వాక్యం.

6. ముగ్గురు, మూడు క్రియలు

6.1 పోగ్సన్: నీడ

పోగ్సన్ పరిశీలన నివేదికను మద్రాసులో ప్రభుత్వం తరఫున అచ్చువేశారు. అది ఐరోపాలోని ప్రధాన విజ్ఞాన పత్రికలలో రాలేదు. టెనెంట్ నివేదిక లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ప్రచురణలలో వచ్చింది. లాకియర్ లండనులో ఉన్నాడు. 1869లో మొదలైన 'నేచర్' పత్రికకు అతడే తొలి సంపాదకుడు. కాబట్టి పోగ్సన్ విషయంలో 'ఔట్‌షైన్' అనడం సరికాదు. పసుపు గీత చోటు గురించి అతడు రాసినది ఇతరులకన్నా తక్కువ జాగ్రత్తతో రాసినది కాదు. రాజధానిలోని పత్రికల ఎత్తు వలసనగరపు నివేదికపై నీడ వేసింది. 'ఓవర్‌షాడో' సరైన క్రియ.

6.2 ఐసిస్ పోగ్సన్: అడ్డు

పోగ్సన్ కుమార్తె ఐసిస్ మద్రాసు నక్షత్రశాలలోనే సహాయకురాలిగా చాలాకాలం పనిచేసింది. 1886లో ఆమెను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి తండ్రి ప్రతిపాదించాడు. సొసైటీ నిబంధనలలో సభ్యుడిని పురుషవాచకంతో మాత్రమే చెప్పినందువల్ల ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆమెకు సభ్యత్వం 1920లో దక్కింది. ఇక్కడ ఎవరూ ఆమెను మించలేదు. ఆమెకూ గుర్తింపుకూ మధ్య ఒక నియమం నిలబడింది. అది తొలగిన తరవాత ఆమె కనిపించింది. ఇది మూలార్థంలో 'ఎక్లిప్స్'.

6.3 రఘునాథాచారి: మబ్బు

రఘునాథాచారి మద్రాసు నక్షత్రశాలలో ప్రథమ సహాయకుడి స్థాయికి ఎదిగినవాడు. 1867లో 'ఆర్ రెటిక్యులి' అనే చరనక్షత్రాన్ని, అంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్ని, గుర్తించాడు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని సామాన్యులకు వివరిస్తూ ఆంగ్లంలోను, భారతీయ భాషలలోను పుస్తకం వెలువరించాడు. 1880లో మరణించాడు. 1868లో వనపర్తిలో అతడి బృందానికి మబ్బులు అడ్డుపడ్డాయి.

ఆ రోజు ఫలితం రాకపోవడానికి మనం చూసిన క్రియలలో ఏదీ వర్తించదు. జాన్సెన్ అతడిని మించలేదు. పోగ్సన్ నీడ వేయలేదు. ఆకాశం సహకరించలేదు, అంతే. ప్రతి వైఫల్యం వెనకా అన్యాయం వెతకడం ఎంత తప్పో, ప్రతి అన్యాయాన్నీ దురదృష్టంగా చెప్పడమూ అంతే తప్పు. కాని రఘునాథాచారి మిగతా పని, ముఖ్యంగా చరనక్షత్రాన్ని గుర్తించడం, మన పాఠ్యపుస్తకాలలో కనిపించకపోవడానికి మబ్బు కారణం కాదు. ఒకే మనిషి జీవితంలో ఒక సంఘటనకు ఒక కారణం, మరొక సంఘటనకు మరొక కారణం ఉండవచ్చు.

7. చరిత్ర విద్యార్థికి మూడు ప్రశ్నలు

ఈ ఉదాహరణ నుంచి మీరు ఏ కాలపు చరిత్రకైనా ఉపయోగించుకోగల మూడు ప్రశ్నలు తీసుకోవచ్చు.

మొదటిది: *వెలుగు ఉన్నదా?* మరుగున పడ్డారని చెప్పేముందు వారు చేసిన పనికి ఆధారం చూపాలి. నివేదిక, తేదీ, పరిశీలన ఏదో ఒకటి ఉండాలి. ఆధారం లేకుండా 'విస్మృత మేధావి' అని రాయడం గెలిచినవారిని గుడ్డిగా పొగడడం వంటిదే.

రెండవది: *తగ్గించినది ఏమిటి?* ఎక్కువ ప్రతిభా, పెద్ద నీడా, మధ్యలో నిలిచిన అడ్డా, మబ్బా? దానికి తగిన క్రియనే ఎంచుకోవాలి. "మరుగున పడ్డాడు" అని రాయవలసి వస్తే "దేనివల్ల" అన్న మాట కూడా చేర్చండి.

మూడవది: *ఎవరి కంటికి?* 1868లో గుంటూరులో సంపూర్ణ గ్రహణం. అదే రోజు మద్రాసులో పాక్షిక గ్రహణం. లండనువారికి ఆ చీకటి లేనేలేదు. గ్రహణం సూర్యుడికి పట్టదు, చూసేవాడు నిలిచిన చోటికి పడుతుంది. కీర్తి కూడా అంతే. మరుగున పడ్డారంటే ఎక్కడ నిలబడి చూసేవారికి అన్నది చెప్పాలి. పోగ్సన్ పేరు గ్రహణ చరిత్రలో కనబడదు. నక్షత్రాల వెలుగును కొలిచేవారికి మాత్రం అది రోజూ వాడే పేరు.

జాన్సెన్ పద్ధతి నుంచి కూడా మనం ఒకటి నేర్చుకోవచ్చు. అతడు సూర్యుడిని తొలగించలేదు, ఆర్పలేదు. పెద్ద వెలుగును పరచి పలచబరిచాడు. అప్పుడు చిన్న గీతలు కనిపించాయి. ఒక ఘనకార్యాన్ని అందులోని పనులుగా విడదీసి పరిస్తే ఎవరిది ఏ గీతో బయటపడుతుంది. పెద్దవారిని చిన్నబుచ్చవలసిన అవసరం ఉండదు.

8. సారాంశం

'ఔట్‌షైన్' అంటే ప్రకాశించేవారిలో ఒకరు మరొకరిని మించి ప్రకాశించడం. 'ఓవర్‌షాడో' ఎత్తు వల్ల నీడ కప్పడాన్ని, 'ఎక్లిప్స్' మధ్యలో అడ్డు రావడాన్ని, 'సర్‌పాస్' గీత దాటడాన్ని చెబుతాయి. వీటిని పర్యాయపదాలుగా వాడినప్పుడు కారణాలు కలిసిపోతాయి. 1868 గ్రహణంలో జాన్సెన్ గుంటూరులో సౌరజ్వాలలను గ్రహణం లేకుండా చూసే పద్ధతి సాధించాడు. హీలియం గుర్తింపు లాకియర్‌తో మొదలై 1895లో రామ్సేతో పూర్తయింది. పోగ్సన్ పనిపై నీడ పడింది. ఐసిస్ పోగ్సన్‌కు నియమం అడ్డు వచ్చింది. రఘునాథాచారికి ఆ రోజు మబ్బు అడ్డుపడింది. ఏ క్రియ రాస్తున్నామో తెలిసి రాయడమే చరిత్ర రచనలో నిజాయితీకి మొదటి మెట్టు.

9. ముఖ్య పదాలు

*సౌరజ్వాలలు*: సూర్యబింబపు అంచున కనిపించే, వేడికి ప్రకాశించే వాయురాశులు.
*వర్ణపటదర్శిని*: కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం.
*చరనక్షత్రం*: కాలాన్ని బట్టి వెలుగు మారే నక్షత్రం.
*లక్ష్యార్థం*: మాటకు వాచ్యార్థం నుంచి పోలిక ద్వారా వచ్చిన అర్థం.

10. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. "హీలియం గుంటూరులో కనుగొన్నారు" అన్న వాక్యాన్ని ఆధారాలతో పరీక్షించండి.
2. 'మరుగున పడడం' అనే భావానికి గల వేరువేరు కారణాలను 1868 గ్రహణం ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పోగ్సన్ ప్రతిపాదించిన నక్షత్ర ప్రకాశ కొలత ఏమిటి?
2. 1872 నాటి పతకం ప్రాముఖ్యాన్ని వివరించండి.
3. మీ జిల్లా చరిత్రలో ఒకరి పేరు ఎంచుకొని, వారి విషయంలో ఏ క్రియ వర్తిస్తుందో, ఎందుకో రాయండి.